కట్టు గుడ్డ

పుట్టింది నగరి, మెట్టింది పిచ్చాటూరు,
కూలికి నిలబడేది పుత్తూరు కట్ల ఇంట్లో.
గుడ్డ చించడం నా పని.
మూరల లెక్క కాదు, ఎముకల లెక్క:
వేలికి ఒక పట్టీ, మణికట్టుకు రెండు,
మోకాటికి ఐదు,
తొడ విరిగి వస్తే పాత పంచెలో సగం.

కబడ్డీలో నాకు రెండు జట్లు.
రాత్రి షిఫ్టు దిగి, తలలో దూది పింజలతోనే
కూతకు పొయ్యే నగరి మగ్గాల పిల్లోళ్ళు.
ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో
బరిలో దిగకముందే మన్ను కరిచినట్టుండే
పిచ్చాటూరు ఇటుకబట్టీ పిల్లోళ్ళు.
"ఎవురు గెలిస్తే ఏంది, నీ ఇంట్లో వండేది రాగిసంగటే గదా"
అంటుంది మా ఆడబిడ్డ.
అది వాళ్ళాయన జట్టు తప్ప ఇంకోటి ఎరగదు.

ఈ ఏడు మొదటి పందెం గంగజాతరకు.
ఆ రాత్రే మా ఢిల్లీబాబు భుజం జారింది.
తెల్లారి ఆరుకే ఆటో దిగినాడు,
కోడిపెట్టను చంకన పెట్టుకున్నట్టు
చేతిని పెట్టుకొని.
"బోనస్ గీత తాకినావా?" అన్నా, గుడ్డ చించతా.
పళ్ళు బిగించుకొనే నవ్వినాడు.
"తాకినా అక్కా. అంపైరే చూళ్ళా."

పది దినాలకు చెంగల్రాయులు, పక్కటెముక.
ఆ వారమే మా బట్టీ జట్టులో ఇంకో ఇద్దరు.
పాలోడి లెక్క రాసే క్యాలెండర్లోనే
నేను పాయింట్లు రాసుకుంటా.
ఎండలు ముదిరేకి
పాయింట్ల కంటే ఎముకలే జాస్తి అయినాయి.
పాలోడు చూసి, "ఇదేందమ్మా,
లీటర్ల పక్కన మోకాళ్ళు?" అన్నాడు.

ఒకనాడు బల్లమీద ఇద్దరు.
దొరవేలు మోకాలు పోయింది ఏకాంబరం తొడ తగిలి,
ఏకాంబరం మణికట్టు పోయింది దొరవేలు కింద పడి.
ఒకడు నగరి, ఒకడు పిచ్చాటూరు.
మధ్యలో ఒక మురుకుల పొట్లం,
ఇద్దరికీ కలిపి మూడు చేతులు.
దొరవేలు గుడ్డను వేళ్ళతో రుద్ది చూసి
"ఇది మా మగ్గం నేతే" అన్నాడు.
"అందుకే గుచ్చుకుంటా ఉండాది" అన్నాడు ఏకాంబరం.
గుడ్డుసొన, ఆకుపసరు వాసనలో
నాకు నవ్వొచ్చి
పట్టీ వంకరగా చినిగింది.

ఆడికృత్తిక రాత్రి ఆఖరి పందెం.
ఏ ఏడాదీ కానిది ఈ ఏడే అయింది,
నా రెండు జట్లూ ఎదురెదురు.
కానీ ఏ జట్లు?
నగరికి నీళ్ళ బిందె మోసే పిల్లోడు దిగినాడు,
వాళ్ళ డ్రిల్లు అయ్యవారు దిగినాడు బొజ్జతో.
మావాళ్ళు ఆరుమందే.
ఆడాల్సినోళ్ళంతా గీత బయట
వెదురుదబ్బల కాళ్ళు చాపుకొని కూర్చోనుండారు.
బరిలో ఉండేవాళ్ళ పేర్లు నాకు తెలీవు,
బయట ఉండేవాళ్ళ ఎముకలన్నీ తెలుసు.

ఆఖరి కూత. సరిసమానం.
పిచ్చాటూరు తరపున యతిరాజు పోయినాడు,
ఇంటర్ చదివే పుల్ల.
వాడి ఎడమ చీలమండకు నేను చించిన పట్టీ
విప్పి పద్నాలుగు దినాలు.
లోకనాథం ఆ చీలమండే పట్టుకున్నాడు.
పట్టుకున్నాడు, నేను చూసినా.
మళ్ళా పట్టు లేదు.
యతిరాజు మట్టిలో పాక్కుంటా వచ్చి
గీత మీద అరిచెయ్యి పెట్టినాడు.

జారిందంటారు నగరోళ్ళు.
వదిలేసినాడంటారు ఇంకొందరు, గొంతు తగ్గించి.
నేను చప్పట్లు కొట్టినానో లేదో
నాకే గురుతు లేదు.
కొంగు మాత్రం పంటి కింద తడిసి ఉండాది.

పొద్దున కట్ల ఇంటికాడ మొదట దిగింది లోకనాథమే.
ఉంగరం వేలు వాచి, నల్లబడి.
"ఎప్పుడు?" అన్నా.
"సగం ఆట కాకముందే అక్కా."
అంతకన్నా నేను అడగలా, వాడు చెప్పలా.
వేలికి ఒక పట్టీ చాలు.
రెండు చించినా.